ఏమీ తెలియకపోవడమే నా డ్యూటీ

ముందే ఒక మాట చెప్పుకుంటాను. నాకు రాయడం రాదు. ఐదో తరగతి దాకా చదివాను. అందులో సగం రోజులు బడి వెనక గోలీలాటలోనే పోయాయి. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో నాకు ఇప్పటికీ అనుమానమే. కాగితం మీద పెన్ను పెట్టినప్పటి నుంచి అరచెయ్యి చెమట పడుతోంది. మీరు చదువుకున్నవాళ్ళు. నవ్వు వస్తే నవ్వండి, కానీ చివరి దాకా చదివి నవ్వండి. నేను రిటైర్ అయ్యాక మా ఆఫీసు పిల్లలు, కొత్తగా చేరేవాళ్ళ కోసం నీ ముచ్చట రాయి కాకా అని వెంటపడ్డారు. రాదు మొర్రో అన్నా వినలేదు. కాబట్టి ఇందులో తప్పులుంటే సగం పాపం వాళ్ళది.

నేను మారేడ్‌పల్లిలో ఒక కంప్యూటర్ ఆఫీసులో చాలా ఏళ్ళు పనిచేశాను. కంప్యూటర్ ఆఫీసు అనగానే మా చుట్టాలు నన్ను ఇంజనీరు అనుకునేవాళ్ళు. పెళ్ళికి పోతే చాలు, చెడిపోయిన ఫోన్ తెచ్చి చేతిలో పెట్టేవాళ్ళు. నేను దాన్ని అటూ ఇటూ తిప్పి, చెవి దగ్గర పెట్టి ఊపి, బ్యాటరీ పోయిందని చెప్పి ఇచ్చేసేవాడిని. నిజానికి నా పని తాళం తీయడం, ఊడవడం, నీళ్ళ డబ్బాలు పైకి ఎక్కించడం, చాయ్ తేవడం. కింద మిఠాయి దుకాణం, పైన మా ఆఫీసు. పొద్దున్నే నేతి వాసన పైకి వచ్చేది. ఆ ఆఫీసులో ఎవ్వరూ సన్నబడలేదు.

అక్కడ ఏం తయారుచేసేవాళ్ళో చెప్తాను. ఫ్యాక్టరీలు, గోదాములు, దవాఖానలు తమ పనివాళ్ళకు జాగ్రత్తలు నేర్పాలి కదా. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చెప్పే ఓపిక ఎవరికీ లేదు. అందుకని ఆ పాఠాన్ని బొమ్మలతో, మాటలతో కంప్యూటర్‌లో పెడతారు. పనివాళ్ళు అది చూసి, విని, చివర్లో ప్రశ్నలకు జవాబులు నొక్కి పాస్ అవుతారు. దాన్ని కోర్సు అంటారు. మాస్టారు లేని బడి అన్నమాట. బెత్తం పట్టుకునేవాడు లేడు కాబట్టి నాకు ఆ ఏర్పాటు మొదటి నుంచీ నచ్చింది.

ఒకసారి ఒక గోదాము వాళ్ళు ఫోన్ చేసి మా సార్‌ను బాగా కేకలేశారు. సార్ అంటే ఓనరు. రాంగోపాల్‌పేట్‌లో తాతల నాటి ఇనుప సామాన్ల దుకాణం తమ్ముడికి వదిలేసి, ఈ కంప్యూటర్ల గొడవలో పడ్డ మనిషి. మేమిచ్చిన కోర్సులో ఎక్కడ నొక్కాలో కూడా వాళ్ళ హమాలీలకు తెలియడం లేదట. సార్ ఫోన్ పెట్టేసి, తల పట్టుకుని, చాయ్ పళ్ళెంతో నిలబడ్డ నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. కప్పులో ఈగ పడిందేమో అనుకున్నాను.

"కాకా, ఆ పళ్ళెం పక్కకు పెట్టు. ఈ కుర్సీల కూసో," అన్నాడు.

కూర్చున్నాను. ఎదురుగా తెర. అందులో ఒక ఆడ గొంతు ఏదో చెప్పి ఆగిపోయింది. నేనూ ఆగిపోయాను. కింద మూలన ఒక బాణం బొమ్మ ఉంది. అది నొక్కితే ముందుకు పోతుందట. నాకైతే అది గడప ముందు ముగ్గులాగా అందానికి వేశారని అనిపించింది. వెనక నిలబడ్డ ఇంజనీర్లు ఒకరి కాలు ఒకరు తొక్కుకుంటున్నారు. ఒకతను అక్కడ అక్కడ అనబోతే సార్ అతని నోరు మూశాడు. నేను ఆ మొదటి తెర దాటలేకపోయాను.

నన్ను పనిలోంచి తీసేస్తారనుకున్నాను. తీసెయ్యలేదు. ఆ రోజు నుంచి ఆఫీసులో కొత్త పద్ధతి షురూ అయింది. ఏ కోర్సు తయారైనా ముందు నేను కూర్చోవాలి. ఎవ్వరినీ అడక్కుండా నేను చివరి దాకా పోగలిగితేనే అది బయటికి పోతుంది. దానికి కాకా పాస్ అని పేరు పెట్టారు. పెద్ద పెద్ద చదువులు చదివిన పిల్లలు, కాకా పాస్ అయిందా, ఎక్కడ ఆగిండు అని ఒకరినొకరు అడుగుతుంటే నాకు లోపల ఎలా ఉండేదో చెప్పలేను. లోకంలో తెలివి ఉన్నవాళ్ళకు కుర్చీ ఇస్తారు. నాకు తెలివి లేనందుకు ఇచ్చారు. అదీ చక్రాల కుర్చీ, గుండ్రంగా తిరిగేది. నా కోర్సు తొందరగా చూడు కాకా అని ఇంజనీర్లు ఉస్మానియా బిస్కెట్లు తెచ్చిపెట్టేవాళ్ళు. లంచం అని తెలిసే తినేవాడిని.

ఇప్పుడు ఇంకో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకరు మా టీముకు పెద్ద, మేడం. ఆమెది శ్రీకాకుళం వైపు. పెళ్ళయి ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. నన్ను అన్నయ్యా అని పిలిచేవారు. రెండోవాడు మౌలాలి రైల్వే క్వార్టర్లలో పెరిగిన ఇంజనీరు. మంచి పనిమంతుడు, కానీ ఆ సంగతి అందరికంటే ముందు అతనికే తెలుసు. రెడీమేడ్ సాఫ్ట్‌వేర్‌లో బొమ్మలు పేర్చుకుని కోర్సు చేయడం అతనికి నామోషీ. అంతా నా చేత్తోనే రాస్తా అనేవాడు. హోటల్ బిర్యానీ తిననని ఇంట్లో కట్టెల పొయ్యి పెట్టుకునే రకం.

వాళ్ళిద్దరికీ రోజూ ఒకటే కొట్లాట. వెబ్ పేజీలు ఎలా ఉండాలో దేశదేశాల వాళ్ళు కూర్చుని నియమాలు రాసుకున్నారట. చూపు లేనివాళ్ళు వినగలగాలి. చెవి వినపడనివాళ్ళు చదవగలగాలి. చెయ్యి వణికేవాళ్ళు కూడా నడపగలగాలి. ఏ ఫోన్‌లో తెరిచినా తెరుచుకోవాలి. మేడంకు ఈ నియమాలంటే ప్రాణం. మా ఇంజనీరుకు వాటిని చూస్తే తలనొప్పి. నాకేమో మేడం చెప్పేది సిటీ బస్సు మెట్టు లెక్క అర్థమైంది. మెట్టు ఎత్తుగా కడితే కుర్రాళ్ళు ఎగిరి ఎక్కుతారు, ముసలివాళ్ళు స్టాపులోనే ఉండిపోతారు. కానీ బిస్కెట్లు తెచ్చేది ఇంజనీరు కాబట్టి నేను ఎక్కువగా అతని పక్కనే ఉండేవాడిని.

అలా ఏళ్ళు గడిచాయి. ఇక్కడే జరగాల్సినది జరిగింది. ఎవ్వరూ కనిపెట్టలేదు, నేను అసలే కనిపెట్టలేదు.

రోజూ కోర్సులు చూసీ చూసీ నాకు వాటి మర్మాలు తెలిసిపోయాయి. బాణం ఎప్పుడూ కింద కుడి మూలనే ఉంటుంది. గొంతు ఆగగానే అది వెలుగుతుంది. ఆ గొంతు మాట్లాడినంతసేపు నేను చాయ్ తాగొచ్చు. ఏదైనా మినుకుమినుకుమంటే దాన్ని నొక్కాలి. ఇక ప్రశ్నల సంగతి మరీ తేలిక. నాలుగు జవాబుల్లో అన్నిటికంటే పొడుగ్గా ఉన్నదే సరైనది, ఎందుకంటే అది రాసినవాడికి ఆ ఒక్కటే నిజంగా తెలుసు, మిగతావి ఊరికే రాస్తాడు. పైవన్నీ అని ఉంటే ఇక చూడక్కర్లేదు, అదే. నేను పాఠం వినకుండా, ప్రశ్న చదవకుండా పాస్ అయిపోతున్నాను. అందరూ కోర్సులు బాగా కుదురుతున్నాయని సంబరపడుతున్నారు.

ఒకరోజు పొరపాటున జర్మన్ భాషలో ఉన్న ఒక కోర్సు నా ముందు తెరిచారు. నాకు ఆ భాషలో ఒక్క అక్షరం రాదు. అది వేరే భాష అని కూడా నేను గమనించలేదు. గొంతు కొంచెం గరుకుగా ఉంది, జలుబు చేసిందేమో అనుకున్నాను. టకటకా నొక్కుకుంటూ పోయి పాస్ అయ్యాను. సంగతి తెలిసి ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. సార్ కింద దుకాణం నుంచి జిలేబీ తెప్పించాడు. మేడం ఒక్కరే నవ్వలేదు. జిలేబీ కూడా ముట్టుకోలేదు. అందరూ పోయాక నా కుర్చీ దగ్గరికి వచ్చారు.

"మీరు పాడైపోనారు అన్నయ్యా," అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"ఇంతకుముందు మీకు ఏటీ తెలీదు. మాకు అదే బలం. ఇప్పుడు మీకు పాఠం తెలీదు గాని, మేం పాఠం ఎలాగ కడతామో తెలిసిపోనాది. మీ తర్వాత ఇంకెవర్నయినా చూడాలి."

నా వల్లే ఆఫీసు నడుస్తోందని నేను అనుకుంటుంటే ఈమె నన్ను పాత చీపురు లెక్క మూలకు పెట్టాలంటోంది. ఆ రోజు నుంచి ఆమెకు చాయ్‌లో చక్కెర తక్కువ వెయ్యసాగాను.

ఇక నా భార్య సంగతి. ఆమె ఒక పెద్ద ప్రైవేటు దవాఖానలో వార్డులు శుభ్రం చేసే పని చేసేది. కాంట్రాక్టరు కింద. నిజం చెప్పాలంటే మా ఇంట్లో పొయ్యి మండేది ఆమె జీతం మీదే. నా జీతం ఆ పొయ్యి మీద పోపు పెట్టడానికి పనికొచ్చేది. దవాఖాన వాళ్ళకు పెద్ద తనిఖీ రాబోతోంది. వార్డులో ఏ చెత్త ఏ రంగు డబ్బాలో వెయ్యాలో ప్రతి పనిమనిషీ కోర్సు చేసి పాస్ కావాలని రూలు పెట్టారు. పాస్ కానివాళ్ళను కాంట్రాక్టరు తీసేసి వేరేవాళ్ళను పెట్టుకుంటాడు. నా భార్య పరేషాన్ అయింది. ఆమె బడికి పోయింది నాకంటే తక్కువ. ఫోన్‌లో పచ్చది నొక్కితే మాట్లాడొచ్చు, ఎర్రది నొక్కితే పెట్టెయ్యొచ్చు, అంతవరకే తెలుసు.

ఆ కోర్సు చేసే పని మా ఆఫీసుకే వచ్చింది. ఆ సాయంత్రం నేను ఇంటికి ఎలా పోయానో మీరు ఊహించుకోండి. చెప్పులు విడిచే ముందే చెప్పేశాను, అది మా కోర్సే, నేను సరే అంటేనే బయటికి వస్తుంది అని.

"గట్లయితే నన్ను సుత నువ్వే పాస్ చెయ్యి," అంది.

"అది నాకు ఎడమ చేతి పని," అన్నాను. ఆమె మనసు కుదుటపడి ఆ రాత్రి బాగా నిద్రపోయింది. వాళ్ళ వార్డు ఆడవాళ్ళందరికీ కూడా, భయపడకండ్రి, మా ఆయన ఉన్నడు అని చెప్పిందట.

మా ఇంజనీరు ఆ కోర్సును ఆటలాగా చేశాడు. తెర మీద సూదులు, దూది, సెలైన్ పైపులు, మందు సీసాల బొమ్మలు. కింద పసుపు, ఎరుపు, తెలుపు, నీలం డబ్బాలు. మౌస్‌తో బొమ్మను పట్టి గుంజి డబ్బాలో వదలాలి. సరైన డబ్బాలో పడితే గంట మోగుతుంది. పిల్లల ఆట లెక్క మస్తుగా ఉంది. మేడం మాత్రం, గుంజడం చేతకానివాళ్ళకు ఇంకో దారి ఉండాలి, నియమాల్లో ఉంది అని అడిగారు. అది తర్వాత చేస్తాను, ఇప్పుడు టైమ్ లేదు అన్నాడతను. సార్ నన్ను పిలిచాడు. నేను కూర్చుని, మౌస్ పట్టి, గంటలు మోగించుకుంటూ అయిందనిపించాను. చప్పట్లు.

మేడం ఒక ట్యాబ్ పట్టుకుని వచ్చారు. అంటే పలక అంత పెద్ద ఫోన్. దవాఖానలో దీని మీదే చేస్తారు, ఒక్కసారి దీని మీద కూడా చూడండి అన్నయ్యా అని బతిమాలారు. అప్పటికి నేను టిఫిన్ డబ్బా తెరిచాను. అందులో చింతపండు పులిహోర ఉంది. చక్కెర సంగతి ఆమెకు తెలుసో లేదో గానీ, ఆమె మీద నా కోపం ఇంకా తీరలేదు.

"పాస్ అయింది గద మేడం. ఒక్క కోర్సుకు ఎన్నిసార్లు పాస్ కావాలె?" అన్నాను.

మా ఇంజనీరు నవ్వాడు. సార్ కూడా ఇక పంపించెయ్యమన్నాడు. కోర్సు పోయింది.

దవాఖానలో కోర్సు పెట్టిన రోజు మేము నలుగురం పోయాం. సార్, మేడం, ఇంజనీరు, నేను. నన్ను రమ్మని ఎవ్వరూ అనలేదు. నేనే ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారయ్యాను. సెల్లారులో ఒక హాలు. మా ఆవిడ, వాళ్ళ వార్డు ఆడవాళ్ళు నీలం ఏప్రాన్లతో వరసగా కూర్చున్నారు. ఒక మూలన కాంట్రాక్టరు పెట్టిన సూపర్వైజరు. ఎదురుగా దవాఖాన శుభ్రత అంతా చూసుకునే పెద్ద సిస్టరమ్మ. ఎవరు పాస్, ఎవరు ఫెయిల్ అనేది ఆమె ముందు కంప్యూటర్‌లో కనపడుతుంది. మా ఆవిడ నన్ను చూసి పక్కనున్నామెకు మోచేత్తో పొడిచి చూపించింది. నేను కాలర్ సర్దుకున్నాను.

పాఠం బాగానే నడిచింది. తర్వాత సూదులు, సీసాలు వచ్చాయి. మా ఆవిడ సూది మీద వేలు పెట్టి గుంజింది. సూది కదల్లేదు. మొత్తం తెర పైకి జరిగింది. మళ్ళీ గుంజింది. తెర కిందికి జరిగింది. సూది అక్కడే ఉంది. ఒకామె గట్టిగా ఒత్తి గుంజింది. ఒకామె వేలు చెంగుకు తుడుచుకుని గుంజింది. ఇంకొకామె వేలు ఉమ్మితో తడుపుకుని గుంజింది, నోట్లు లెక్కపెట్టినట్టు. చివరి వరసలో ఒకామె ట్యాబ్‌ను బోర్లించి దులిపింది, సూది దానంతటదే డబ్బాలో పడుతుందని. కాసేపటికి అన్ని ట్యాబుల్లోనూ మా కోర్సు గొంతు ఒక్కటే మాట మొదలుపెట్టింది. తప్పు, మళ్ళీ ప్రయత్నించండి. తప్పు, మళ్ళీ ప్రయత్నించండి. హాలంతా అదే మోత.

మా ఆవిడ తలెత్తి నన్ను చూసింది.

"ఏందయ్యా, నువ్వు పాస్ చేసింది గిదేనా?"

మెల్లగానే అంది. అయినా హాల్లో అందరికీ వినపడింది. నేను పోయి, ఇటియ్యి అని ట్యాబ్ లాక్కున్నాను. అనుభవం ఉన్నవాడిని కదా. గుంజాను. సూది కదల్లేదు. నా వేలికి కూడా తెర పైకి పోయింది, కిందికి వచ్చింది. ఇంజనీరు వచ్చి గుంజాడు. అతనికీ అంతే. అతని మొహం సున్నం కొట్టిన గోడలా అయింది. సార్ మాత్రం నెట్‌వర్క్ ప్రాబ్లం, నెట్‌వర్క్ ప్రాబ్లం అని గాలిలోకి చెప్తున్నాడు.

సిస్టరమ్మ ముందు కంప్యూటర్‌లో అందరి పేర్ల పక్కనా ఫెయిల్ అని వచ్చేసింది. సూపర్వైజరు ఆమె భుజం మీదుగా తొంగి చూసి, వీళ్ళతోని కాదు సిస్టర్, నేను కొత్తోళ్ళను రెడీ పెట్టిన అన్నాడు. కొత్తవాళ్ళను పెట్టుకుంటే ఒక్కొక్కరి దగ్గరా అతనికి కమీషన్ ముడుతుంది. ఆ సంగతి ఆడవాళ్ళందరికీ తెలుసు. మా ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను ఆమె వైపు చూడలేదు.

మేడం ముందుకు పోయారు. ఇది వాళ్ళ తప్పు కాదండి, మా తప్పు అని సార్ ముందరే చెప్పారు. సార్ దగ్గాడు. మేడం ఆగలేదు. సాయంత్రం డ్యూటీ దిగేలోపు సరిచేసి ఇస్తాం, అప్పటిదాకా ఈ ఫెయిల్ లెక్కలోకి తీసుకోకండి అని అడిగారు. సిస్టరమ్మ చేతి గడియారం చూసుకుని, సాయంత్రం దాకానే అన్నారు.

ఇంజనీరు అక్కడే నేల మీద బాసింపట్టు వేసుకుని ల్యాప్‌టాప్ తెరిచాడు. అతని పొగరంతా ఎటు పోయిందో. పని చేస్తూ నాకు చెప్పాడు. మౌస్‌తో గుంజితే బ్రౌజర్‌కు ఒక సైగ పోతుందట. వేలితో గుంజితే ఆ సైగ పోదట, పేజీని జరపమంటున్నారని అది అనుకుంటుందట. ఇక గుంజుడు వద్దు, బొమ్మను ముట్టుకుని తర్వాత డబ్బాను ముట్టుకుంటే చాలు అనేలా మారుస్తా అన్నాడు. మేడం ఎన్నాళ్ళ నుంచో అడిగిన ఇంకో దారి అదే. మేడం ఆ మాట అనలేదు. అని ఉంటే అతనికి కొంచెం తేలిగ్గా ఉండేదేమో.

కాసేపటికి అయిందన్నాడు. అలవాటు కొద్దీ నా వైపు తిరిగి, కాకా, రా అన్నాడు. నేను లేచాను.

"అన్నయ్య వద్దు. ఆయనకి తెలిసిపోతాది," అన్నారు మేడం. "వదినగారూ, మీరు రండి."

నా భార్య లేచి వచ్చి, నేను కూర్చోబోతున్న కుర్చీలో కూర్చుంది. నేను వెనక నిలబడ్డాను. మేడం నన్ను చూసి, అందరికీ చాయ్ తెస్తారా అన్నారు. నేను పక్కనుంటే సైగలు చేస్తానని ఆమెకు తెలుసు. క్యాంటీన్‌కు పోయి చాయ్ తెచ్చాను. వచ్చేసరికి మా ఆవిడ ఇంజనీరుకు క్లాసు పీకుతోంది. సూదిని ముట్టుకుంటే దాని చుట్టూ సన్న గీత ఒకటి వస్తోందట. అది ఆమె కంటికి ఆనడం లేదు. ముట్టుకుందో లేదో అని మళ్ళీ ముట్టుకుంటోంది. మళ్ళీ ముట్టుకుంటే అది వదిలేస్తోంది.

"పట్టుకున్ననా లేదా నాకెట్ల తెలుస్తది బిడ్డా? చేతిల బరువు సుత లేకపాయె," అంది.

అతను తల గోక్కుని, సరే అమ్మా అని మార్చాడు. ఈసారి సూదిని ముట్టుకుంటే అది పెద్దదై పైకి లేస్తుంది. సూది మీ చేతిలో ఉంది, ఏ డబ్బాలో వేస్తారు అని అడుగుతుంది. మా ఆవిడ తల ఊపింది. వరసగా వేసుకుంటూ పోయింది. సూది తెల్లదాంట్లో. గంట. దూది పసుపుదాంట్లో. గంట. పైపు ఎర్రదాంట్లో. గంట. వెనక ఆడవాళ్ళు లేచి నిలబడి చూస్తున్నారు. పగిలిన మందు సీసా వచ్చింది. దాన్ని ఎర్ర డబ్బాలో వేసింది. తప్పు అంది కోర్సు. మళ్ళీ ఎర్రదాంట్లోనే వేసింది. తప్పు.

మా ఇంజనీరు కంగారుపడి మళ్ళీ ఏం చెడిందో అని ల్యాప్‌టాప్ చూస్తున్నాడు. ఏమీ చెడలేదు. సిస్టరమ్మ వంగి, గాజుకు నీలం కదా అమ్మా అన్నారు.

"నీలం డబ్బాల ఏసే సంచి మా వార్డుకు ఎన్నడొచ్చింది సిస్టరమ్మా? అయిపోయినయ్ అంటడు సూపర్వైజరు. ఎర్రదాంట్లనే ఏయమంటడు. రోజూ గట్లనే ఏస్తున్నం."

సూపర్వైజరు, ఈమెకు ట్రైనింగ్ సరిగ ఎక్కలేదు సిస్టర్ అని నవ్వాడు. ఎవ్వరూ అతనితో కలిసి నవ్వలేదు. రేపు ఎవరికి పని ఉందో డ్యూటీ చీటీలో రాసేది అతనే. నేను మా ఆవిడకు కళ్ళతో చెప్తున్నాను, ఊరుకో, నీలం నొక్కు, అయిపోతుంది అని. ఆమె నా వైపు చూస్తే కదా.

సిస్టరమ్మ సూపర్వైజరు వైపు ఒకసారి చూశారు. సరే, కోర్సులో నీలంలో వెయ్యి అన్నారు.

"ఏస్త. గిండ్ల ఏస్త," అంది మా ఆవిడ, ట్యాబ్ మీద వేలు పెట్టి. "వార్డుల సంచి ఎవరిస్తరు?"

సిస్టరమ్మ చేతిలో కాగితం మీద ఏదో రాసుకున్నారు. మా ఆవిడ నీలం ముట్టుకుంది. గంట మోగింది. పాస్. డ్యూటీ దిగేలోపు మిగతా ఆడవాళ్ళందరూ కూడా పాస్ అయ్యారు. ట్యాబ్ బోర్లించి దులిపినామె అందరికంటే ముందు అయింది.

బస్సులో మా ఆవిడకు కిటికీ పక్కన సీటు దొరికింది. నేను పక్కన కూర్చుని, ఉండలేక, నోరు మూసుకుంటే ఏం పోయేది అన్నాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ, అడిగిండ్రు, చెప్పిన అంది. అంతే.

ఆఫీసులో మేడం కొత్త పద్ధతి పెట్టారు. ప్రతి కోర్సుకూ ఆ పని చేసేవాళ్ళలోంచే ఎవరినో ఒకరిని పిలవాలి. వాళ్ళు ఏ ఫోన్ వాడతారో దాని మీదే చూపించాలి. ఒకసారి కూర్చున్నవాళ్ళు రెండోసారి కూర్చోకూడదు. చక్రాల కుర్చీ లోపలి గదిలోకి పోయింది. బిస్కెట్లు ఆగిపోయాయి. మేడం చాయ్‌లో నేను చక్కెర సరిగ్గా వెయ్యడం మొదలుపెట్టాను. ఆమె తాగి, అన్నయ్యా, నేను చక్కెర మానేసి చాలాకాలమైంది అన్నారు. కొత్తగా కొలువులో చేరే పిల్లలకు నేను చెప్పగలిగింది ఒక్కటే. తెలియనివాడు దొరికితే బాగా చూసుకోండి, కానీ ఎక్కువ రోజులు వాడకండి. వాడు కూడా మీలాగే తయారవుతాడు.

కానీ నాకు బాగా గుర్తున్నది ఆ హాలు కాదు, ఆ మరుసటి పొద్దు. మా ఆవిడ ఎప్పటిలాగే బయలుదేరింది. పాస్ అయితే అయింది, చీటీలో పేరుందో లేదో తెలియదు. నేను ఆఫీసు తాళం సంగతి మర్చిపోయి ఆమె వెనకాలే పోయాను. దవాఖాన గేటు ఎదురుగా చాయ్ బండి దగ్గర నిలబడ్డాను. పేరు లేకపోతే వెంటనే బయటికి వచ్చేస్తుంది. గేటులోంచి నీలం ఏప్రాన్ ఏది కనపడినా గ్లాసు కింద పెట్టి రెండడుగులు ముందుకు వేసేవాడిని. చాయ్ మీద చాయ్ తాగాను. ఆమె రాలేదు. అప్పటికి ఆఫీసు నుంచి సార్ ఫోన్లు. అందరూ మెట్ల మీద నిలబడ్డారట.

సాయంత్రం ఆమె ఇంటికి వచ్చింది. ఫినాయిల్ వాసన. కాళ్ళు కడుక్కుని, గోడకు ఆనుకుని కూర్చుంది. నేను ఆమెకు నీళ్ళిచ్చి, ఏమైంది అని అడిగాను.

"నీలం సంచులొచ్చినయ్," అంది.

నేను సంతోషంతో లేచి నిలబడ్డాను.

"బీరువల పెట్టి తాళమేసిండు సూపర్వైజరు. తనిఖీ వాళ్ళొచ్చినప్పుడు తీస్తడంట."

"మరి?"

"మరేంది. పొద్దున అడిగిన. మధ్యాహ్నం అడిగిన. ఇచ్చిండు, ఒక్కటి. రేపు మళ్ళ అడుగుత."

ఆమె ఆ పనిలో ఉన్నన్నాళ్ళూ రోజూ అడిగింది. రోజూ ఒకటి తెచ్చుకుంది.

ఇక చాలు. నా చెయ్యి నొప్పి పుడుతోంది. ఇదంతా ఆమెకు చదివి వినిపించి, తప్పులుంటే చెప్పమన్నాను. తన గురించి ఎక్కువైంది, తగ్గించు అంది. ఆ ఒక్క తప్పు నేను దిద్దలేదు. మిగతా తప్పులు, ఒత్తులు, దీర్ఘాలు, ఎక్కడో మొదలుపెట్టి ఎక్కడో తేలిన వాక్యాలు, అవన్నీ నాకు తెలియక చేసినవి. పెద్ద మనసుతో సర్దుకుని చదవండి, ఈ ముసలివాడిని మన్నించండి.